ఏడుగురు పిల్లలు, ఒక బల్ల, అమ్మకున్న మూడు గంటలు

అమెరికా పల్లెల్లో పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే పెద్ద కుటుంబాల మాట వస్తే మన దగ్గర ముందు అడిగేవి రెండు: సర్టిఫికెట్ ఎవరిస్తారు, పిల్లలు నలుగురిలో మెలగడం ఎక్కడ నేర్చుకుంటారు. అడగాల్సిన ప్రశ్నలే. అయితే ఆ ఇల్లు గట్టెక్కుతుందా లేదా అన్నది తేలేది పొద్దున ఎనిమిదిన్నరకూ పదకొండున్నరకూ మధ్య. ఆ 180 నిమిషాల్ని అమ్మ ఎవరికెంత పంచింది అన్నదాన్ని బట్టే మిగతాదంతా నడుస్తుంది. ఏ పుస్తకాలు కొన్నారు, ఏ బోధనా పద్ధతి ఎంచుకున్నారు అన్నవి ఆ తర్వాతి సంగతులు.

ఒక నమూనా ఇల్లు తీసుకుందాం. మిస్సోరీ రాష్ట్రం దక్షిణాన ఓజార్క్ కొండల ప్రాంతం. పదెకరాల నేల, ఒక జెర్సీ ఆవు, పాతిక కోళ్లు, కూరగాయల మడి. తండ్రి పగలంతా బయట ఉద్యోగంలో ఉంటాడు. పిల్లలు ఏడుగురు: 14 ఏళ్ల అమ్మాయి, 12 ఏళ్ల అబ్బాయి, 10 ఏళ్ల అమ్మాయి, 8 ఏళ్ల అబ్బాయి, 6 ఏళ్ల అమ్మాయి, మూడేళ్లవాడు, ఎనిమిది నెలల చంటిది. చదువుకునేవాళ్లు అయిదుగురు. 180లో మొదటి 45 నిమిషాలు అందరికీ కలిపి చెప్పే పాఠానికి పోతాయి. మిగిలిన 135ను అయిదుగురికీ సమానంగా పంచితే తలా 27 నిమిషాలు. న్యాయంగా కనిపించే ఈ పంపకమే మొదటి తప్పు. చదవడం రాని పిల్లకు 27 చాలవు. చదవడం వచ్చిన పన్నెండేళ్లవాడికి అంత అక్కర్లేదు.

పని జరిగే పంపకం ఇలా ఉంటుంది. ఆరేళ్ల పిల్లకు 30 నిమిషాలు, అదీ పదిహేనేసి నిమిషాలుగా రెండు విడతల్లో. ఎనిమిదేళ్లవాడికి 30. పదేళ్ల పిల్లకు 20. పన్నెండేళ్లవాడికి 15. పద్నాలుగేళ్ల పిల్లకు ఆల్జీబ్రా కోసం 20. మొత్తం 115. మిగిలిన 20 నిమిషాలు ఎవరికీ రాయకూడదు. ఒలికిన పాలు, మార్చాల్సిన డైపరు, గేటు దగ్గర కొరియర్ వాడు, అన్నీ వాటిలోంచే పోతాయి. ఈ 20 వదలకుండా నిమిషం నిమిషానికీ గీసిన టైమ్‌టేబుల్ మూడోరోజుకల్లా చిరుగుతుంది. నాలుగోరోజున అమ్మ తనను తాను తిట్టుకుంటుంది. తప్పు కాగితానిది, ఆమెది కాదు.

చంటిది తొమ్మిదిన్నరకు నిద్రపోయి పదీముప్పావుకు లేస్తుందనుకుంటే, అమ్మ మనసు పూర్తిగా పెట్టాల్సిన పాఠాలు, అంటే ఆరేళ్ల పిల్ల చదువూ పెద్దదాని ఆల్జీబ్రా, ఆ గంటంబావులోనే పడాలి. మూడేళ్లవాణ్ని మాత్రం గడియారం ఆపలేదు. వాడి కోసం పెద్దవాళ్లు ముగ్గురూ తలా అరగంట కాస్తారు: తొమ్మిదింబావుకు పన్నెండేళ్లవాడు, తొమ్మిదీముప్పావుకు పదేళ్ల పిల్ల, పదింబావుకు పెద్దమ్మాయి. కాయడమంటే ఒకే గదిలో ఉండి పుస్తకం చదువుకోవడం కాదు, వాడితో ఆడటమే ఆ అరగంట పని. పుస్తకం చేతిలో ఉంటే చదువూ సాగదు, వాడు స్టవ్ దగ్గరికి పోయినా తెలియదు.

పెద్ద పిల్లలు చిన్నవాళ్లను కనిపెట్టుకోవడమే కాదు, వాళ్లకు పాఠాలు చెప్పడం కూడా ఈ ఇళ్లలో ఉంది; ఆ పద్ధతికి మన వైపు నుంచి వెళ్లిన వేరు ఒకటుంది. ఆండ్రూ బెల్ అనే స్కాటిష్ మతగురువు 1789లో మద్రాసు ఎగ్మోర్‌లోని అనాథ బాలుర శరణాలయం బాధ్యత తీసుకున్నాడు. వీధి బడి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, అదే తన బడిలో పెట్టించాడు. ముందు నేర్చిన కుర్రాళ్ల చేత వెనకవాళ్లకు చెప్పించాడు. 1797లో లండన్‌లో దీని మీద పుస్తకం అచ్చయింది. ఇంచుమించు అదే పద్ధతిని జోసెఫ్ లాంకాస్టర్ ఇంగ్లండులో నడిపితే, అది 1806లో న్యూయార్క్ చేరింది. బళ్లారి కలెక్టర్ ఏ.డి. కాంప్‌బెల్ 1823లో మద్రాసు గవర్నరు మన్రో ప్రభుత్వానికి పంపిన నివేదికలో, ఇక్కడి బడుల్లో పై తరగతివాళ్ల చేత కింది తరగతివాళ్లకు చెప్పించే తీరు మెచ్చదగ్గదనీ, ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేననీ రాశాడు. అమెరికా పల్లెల్లోని ఒంటి గది బడుల్లో కూడా పెద్ద పిల్లలు చిన్నవాళ్ల పాఠాలు వినడం మామూలుగా ఉండేది. ఇవాళ్టి వంటింటి బల్ల ఆ ఒంటి గది బడికి వారసురాలు. ఒక్క తేడా: అక్కడ పంతులమ్మ సాయంత్రం ఇంటికి వెళ్లిపోయేది.

అన్నట్టు, ఈ కుటుంబాల్నీ, పాతకాలపు జీవన పద్ధతిని పట్టుకుని ఉండే క్రైస్తవ శాఖ అయిన ఆమిష్ వాళ్లనీ ఒకటిగా కలిపేయడం మన పత్రికల్లో తరచూ జరుగుతుంది. ఆమిష్ వాళ్లకు సొంత బడులున్నాయి. 1972లో విస్కాన్సిన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు వాళ్ల పిల్లల్ని ఎనిమిదో తరగతి దాటాక బడికి రమ్మని బలవంతపెట్టరాదంది. ఇంటి చదువుల ఉద్యమం దారి వేరు. 1970ల చివర మొదలై, 1993 నాటికి 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమైంది. కేంద్ర విద్యా గణాంకాల ప్రకారం 1999లో సుమారు 8.5 లక్షల మంది, 2016లో సుమారు 17 లక్షల మంది పిల్లలు ఇళ్లలో చదువుకున్నారు. వీళ్లలో ఊళ్లవాళ్లూ పట్నాలవాళ్లూ, భక్తులూ నాస్తికులూ, ఒక్క పిల్ల ఉన్నవాళ్లూ ఉన్నారు. పదెకరాల మీద ఏడుగుర్ని పెంచేవాళ్లు అందులో ఒక పాయ మాత్రమే.

మళ్లీ ఆరేళ్ల పిల్ల దగ్గరికి వద్దాం. ఇంటి గణితమంతా ఆమె చదవడం నేర్చే రోజు మీద ఆధారపడి ఉంటుంది. తెలుగు పిల్లకు వర్ణమాల, గుణింతాలు, ఒత్తులు వస్తే ఏ మాటైనా కూడబలుక్కుని చదివేస్తుంది. ఇంగ్లిషుకు ఆ సుఖం లేదు. 26 అక్షరాలు 44 దాకా ధ్వనుల్ని మోస్తాయి, ఒకే ధ్వనికి నాలుగైదు స్పెల్లింగులుంటాయి. అందుకే ధ్వనుల పాఠం రోజుకు పదిహేను నిమిషాల చొప్పున ఏడాది, ఏడాదిన్నర ఆగకుండా జరగాలి. వారానికి రెండుసార్లు గంటేసి కూర్చోబెడితే అంత ఫలితం రాదు. ఈ వయసులో రెండు రోజుల విరామం వస్తే సగం జారిపోతుంది, మూడోరోజు పాతదే మళ్లీ చెప్పాలి. పెద్ద కుటుంబాల్లో సరిగ్గా ఈ పాఠమే ముందు తెగుతుంది. ఎందుకంటే ఆరేళ్ల పిల్ల గొడవ చేయదు. బొమ్మలేసుకుంటూ కూర్చుంటుంది. గొడవ చేసే పన్నెండేళ్లవాడికి నిమిషాలు పోతాయి. ఆమె ఎనిమిదో ఏట కూడా తడబడుతుంటే, "ఎప్పుడొస్తే అప్పుడొస్తుంది, ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు" అనే మాట ఇంట్లో తిరగడం మొదలవుతుంది. ఆ మాట కొందరి విషయంలో నిజమే. డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం పట్టుబడని ఇబ్బంది, ఉన్న పిల్లకు మాత్రం అది రెండేళ్ల నష్టం. ఏడో ఏడు నిండేసరికి మూడక్షరాల మాటల్ని కలిపి చదవలేకపోతే, బి-డి తికమక పోకపోతే, విన్న మాటలో ధ్వనులు విడదీయలేకపోతే పరీక్ష చేయించాలి. కళ్ల డాక్టరు ముందు, చదువు నిపుణుడు తర్వాత.

అందరికీ కలిపి చెప్పే 45 నిమిషాల్లో చరిత్ర, సైన్సు, కథ చదివి వినిపించడం ఉంటాయి. అయిదుగురికి అయిదు చరిత్ర పుస్తకాలు పెట్టుకున్న ఇల్లు ఆరు వారాలు కూడా నడవదు. ఒకే కాలాన్ని అందరూ కలిసి చదవాలి: ఒక ఏడు ప్రాచీనం, ఒక ఏడు మధ్యయుగం, తర్వాత తొలి ఆధునికం, ఆపైన ఆధునికం. నాలుగేళ్ల చక్రం. పన్నెండేళ్ల చదువులో ప్రతి పిల్లా ప్రతి కాలాన్నీ మూడుసార్లు కలుస్తుంది, ప్రతిసారీ తన వయసుకు తగ్గ లోతులో. ఆరేళ్ల పిల్ల పిరమిడ్ బొమ్మ గీస్తుంది, పద్నాలుగేళ్ల పిల్ల నైలు వరద మీద రెండు పేజీలు రాస్తుంది. విన్నది తమ మాటల్లో తిరిగి చెప్పించడం షార్లెట్ మేసన్ (1842–1923) అనే ఇంగ్లిష్ విద్యావేత్త పెట్టిన పద్ధతి. ఇది మన ఒప్పజెప్పడం కాదు, మక్కీకి మక్కీ చెబితే మార్కులేమీ లేవు. చిన్నవాణ్ని ముందు చెప్పనివ్వాలి. పెద్దవాళ్లు ముందు చెబితే చిన్నవాడికి మిగిలేది "నాదీ అదే" అనడం.

లెక్కల్లో ఇలా కలపడం కుదరదు. ఎవరి మెట్టు వాళ్లదే. పిల్లలు చాలావరకు పుస్తకం చూసి తామే చేసుకుంటారు, అమ్మ దిద్దుతుంది. ఈ దిద్దడమే గొలుసులో పలచని లంకె. అలసిన అమ్మ వెనక పేజీల్లోని జవాబులు చూసి దిద్దుకోమని పిల్లకే చెబుతుంది. రెండు వారాలు బాగానే నడుస్తుంది. మూడో వారం నుంచి జవాబు ముందు రాసి లెక్క తర్వాత అల్లడం మొదలవుతుంది. ఇందులో దొంగబుద్ధి ఏమీ లేదు, ఇరవై అయిదు లెక్కలు త్వరగా ముగిస్తే బయటికి పోవచ్చన్న తెలివి అంతే. దీని ఫలితం పదకొండేళ్లప్పుడు కనిపించదు. పద్నాలుగేళ్లకు ఆల్జీబ్రా ఎత్తుకున్నప్పుడు, భిన్నాల భాగహారం రాదని తేలుతుంది. అప్పుడు మూడేళ్లు వెనక్కి పోవాలి. విరుగుడు చిన్నదే: జవాబుల పేజీలు చింపి వేరే ఫైలులో పెట్టాలి, అదే రోజు మధ్యాహ్నం భోజనంలోపు దిద్దాలి, తప్పొచ్చిన లెక్కను దిద్దిన కాగితం మీద కాకుండా కొత్త కాగితం మీద చేయించాలి. ఇరవై అయిదు దిద్దే తీరిక లేకపోతే పదే ఇవ్వాలి. దిద్దని ఇరవై అయిదు కన్నా దిద్దిన పది మేలు.

ఇక పని. పల్లె ఇంట్లో పిల్లలకు పని చెప్పడం గుణం నేర్పడానికని పెద్దలు అంటుంటారు గానీ, తొమ్మిది మంది ఇంట్లో అది ముందుగా అవసరం. తొమ్మిది మంది బట్టలు రోజుకు రెండు మూడు మెషీన్ల నిండా వస్తాయి. బట్టలు ఉతకడం తేలిక, ఎవరివో విడదీయడమే గంటలు మింగుతుంది. దీనికి ఆ ఇళ్లలో ఒక చక్కటి ఉపాయం ఉంది. చొక్కా లోపలి లేబుల్ మీద చెరగని పెన్నుతో చుక్కలు పెడతారు. పెద్దమ్మాయికి ఒక చుక్క, ఆమె తర్వాతివాడికి రెండు, ఆ తర్వాతిపిల్లకు మూడు. జీన్స్ పెద్దవాడికి పొట్టిదై తమ్ముడి దాకా దిగిందంటే కొట్టేసి రాయనక్కర్లేదు, తమ్ముడి లెక్కకు వచ్చేదాకా చుక్కలు కలిపితే సరి. చదవడం రాని మూడేళ్లవాడు కూడా చుక్కలు లెక్కపెట్టి బట్టలు బుట్టల్లో వేయగలడు. వాడి మొదటి లెక్కల పాఠం అదే.

పని నేర్పడంలో నాలుగు మెట్లున్నాయి: పెద్దవాళ్లు చేస్తుంటే పిల్ల చూడటం, ఇద్దరూ కలిసి చేయడం, పిల్ల చేస్తుంటే పెద్దవాళ్లు చూడటం, పిల్ల ఒక్కతే చేశాక పెద్దవాళ్లు వచ్చి తనిఖీ చేయడం. మూడో మెట్టును దాదాపు అందరూ ఎగ్గొడతారు. రెండుసార్లు చూపించి వదిలేస్తారు, నెల తర్వాత గిన్నెల అడుగున జిడ్డు చూసి అరుస్తారు. చూడటానికి సమయం పడుతుంది, అయిదేళ్ల పిల్ల బల్ల సర్దితే ఇరవై నిమిషాలు, అమ్మ సర్దితే నాలుగు. ఆ పదహారు నిమిషాలు ఓపిక పట్టలేక లాక్కుని చేసేసిన అమ్మ, ఆ పనిని మరో అయిదేళ్లు తనే చేస్తుంది.

వారానికొకసారి వంతులు మార్చడం మీద చాలా ఇళ్లకు మోజు. గోడ మీద రంగుల చార్టు చూడ్డానికి బాగుంటుంది. కానీ వారం వంతులో ఎవరూ ఏ పనిలోనూ చేయి తిరగరు, దాణా డబ్బా ఖాళీ అయితే "అది పోయిన వారం వాడిది" అనే జవాబు ఎప్పుడూ సిద్ధం. పనిని ఒక పిల్లకు ఏడాది పాటు అప్పగిస్తే ఆ పని ఆమెది అవుతుంది. మార్చేటప్పుడు ఒక వారం ఇద్దరూ కలిసి చేయాలి, దిగిపోయేవాళ్లు ఎక్కేవాళ్లకు నేర్పాలి. తనకు వచ్చో రాదో ఆ వారంలోనే దిగిపోయే పిల్లకూ తెలుస్తుంది.

కోళ్లు ఎనిమిదేళ్లవాడి చేతికి ఇవ్వొచ్చు. పాతిక కోళ్లకు రోజుకు సుమారు 3 కిలోల దాణా, ఆరేడు లీటర్ల నీళ్లు, ఎండల్లో అంతకు రెట్టింపు. పిల్లలు దాణా మరచిపోరు, కోళ్లు మీద పడి గుర్తుచేస్తాయి. మరచిపోయేది నీళ్లు. ఎండరోజున పూటంతా నీళ్లు లేకపోతే కోళ్లు కొన్నాళ్లపాటు గుడ్లు తగ్గిస్తాయి, చలికాలంలో నీళ్లు గడ్డకట్టినా అంతే. రెండో తప్పు, చీకటి పడేవేళ గూడు మూయకపోవడం. రకూన్ అనే జంతువు మామూలు గడియను పంజాతో తీయగలదు కాబట్టి, రెండు కదలికలు కావాల్సిన కొక్కెం పెట్టాలి. మూడోది గుడ్లు కడగడం. చల్లనీళ్లతో కడిగితే గుడ్డు లోపలిది ముడుచుకుని పెంకు రంధ్రాల గుండా మురికిని లోపలికి పీల్చుకుంటుంది. నీళ్లు గుడ్డు కన్నా కనీసం 11 డిగ్రీలు వేడిగా ఉండాలి, చేతికి వెచ్చగా తగలాలి.

ఆవు సంగతి వేరు. జెర్సీ ఈనిన కొత్తలో రోజుకు 15 లీటర్ల పైచిలుకు ఇస్తుంది, పన్నెండు గంటల ఎడంతో రెండు పూటలా పితకాలి. పదేళ్ల పిల్ల చేతులకు సగంలోనే నొప్పి పుడుతుంది. ఆవు చేపాక గబగబా పితికితే సరే, ఆలస్యమైతే బిగబట్టేస్తుంది. ఆఖరి లీటరు పొదుగులోనే మిగులుతుంది. అలా వారం గడిస్తే పాలు తగ్గిపోతాయి, పొదుగువాపుకు దారి పడుతుంది. కాబట్టి మొదటి నెలలో చిన్నది మొదలుపెట్టాలి, పెద్దది వచ్చి పూర్తి చేయాలి. పితికే ముందు పొదుగు కడిగి తుడిచి, ఒక్కో చన్ను నుంచి మొదటి మూడు నాలుగు ధారలు నల్లటి గిన్నెలోకి పిండి చూడాలి. తెల్లటి పొరకలు, నీళ్ల లాంటి పాలు కనిపిస్తే ఆ పూట పాలు ఇంట్లోకి రాకూడదు. పచ్చి పాలే శ్రేష్ఠమని నమ్మే ఇళ్లు అక్కడ చాలా ఉన్నాయి. చంటిపిల్లలున్న ఇంట్లో ఆ నమ్మకం ప్రమాదం. 63 డిగ్రీల దగ్గర అరగంట కాస్తే పోయేదేమీ లేదు. మనం పొంగు వచ్చేదాకా కాచే అలవాటు ఇంకా నయం.

మొదటి బిడ్డ ఆడపిల్ల అయితే ఇంటికి రెండో అమ్మ దొరికినట్టేననే మాట మన పల్లెల్లోనూ ఉంది, చంకన తమ్ముణ్ని వేసుకుని బడి మానేసిన అక్కలు మనకు కొత్త కాదు. పెద్ద కుటుంబాల ఇంటి చదువు మీద వచ్చే విమర్శల్లో అన్నిటికన్నా బరువైనది ఇదే. పాఠం ఆపి డైపర్ మార్చే పద్నాలుగేళ్ల పిల్ల నష్టం వెంటనే కనపడదు, ఆమె మంచి పిల్లగా కనిపిస్తుంది కాబట్టి. హద్దులు కాగితం మీద రాసుకోవాలి. పిల్లల్ని చూసుకోవడం రోజుకు గంట, మహా అయితే గంటన్నర దాటకూడదు. పాఠం వేళ లేపకూడదు. రాత్రి చంటిది ఏడిస్తే లేచేది తల్లి లేదా తండ్రి. తమ్ముళ్లను శిక్షించే అధికారం ఆమెకు ఉండకూడదు, ఉంటే అక్క అన్న బంధమే పోతుంది. పన్నెండేళ్ల అబ్బాయికీ అదే వాటా రావాలి. అమ్మాయి వంటింట్లో, అబ్బాయి ట్రాక్టర్ మీద అన్న పంపకం జరిగిన ఇంట్లో, గంటలు లెక్కేస్తే అమ్మాయివే ఎప్పుడూ ఎక్కువ తేలతాయి. వంటిల్లు శీతాకాలంలో మూతపడదు కదా.

శిక్షణ అనే మాటకు ఈ కుటుంబాల్లో ఒక పాయలో చీకటి అర్థం ఉంది. చెప్పిన మాట తొలి పిలుపుకే వినాలని, బెత్తంతో అలవాటు చేయాలని ప్రచారం చేసినవాళ్లున్నారు. పాకే బిడ్డను దుప్పటి మీద కూర్చోబెట్టి, అంచు దాటితే చేతి మీద కొట్టే "దుప్పటి శిక్షణ" కూడా అందులోదే. 2010లో కాలిఫోర్నియాలో, 2011లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఇంట్లో చదువుకునే దత్తపుత్రికలు ఇలాంటి శిక్షల పాలై చనిపోయారు, తల్లిదండ్రులు జైలుకు వెళ్లారు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2018లో కొట్టడం పనికిరాదనీ, హానికరమనీ స్పష్టంగా చెప్పింది. దండం దశగుణం భవేత్ అనేవాళ్లు మన దగ్గరా తక్కువ లేరు కాబట్టి ఈ సంగతి పక్కింటిది అనుకోనక్కర్లేదు. కొట్టకుండా మాట వినిపించే దారి నిదానమైనదే గానీ కష్టమైనది కాదు. వంటింట్లోంచి కేక వేయకుండా పిల్ల దగ్గరికి వెళ్లాలి, ఒక్క పనే చెప్పాలి, పది సెకన్లు ఆగాలి, కదలకపోతే చేయి పట్టుకుని పని దగ్గరికి తీసుకెళ్లాలి. పాకే బిడ్డకు దుప్పటి బదులు నాలుగు వైపులా కటకటాలున్న చిన్న దొడ్డి చాలు, ఆ అరగంటకు మాత్రమే బయటికి తీసే బొమ్మలతో.

బడికి వెళ్లే పిల్లను రోజూ ఒక టీచరు చూస్తుంది. ఇంట్లో చదివే పిల్లను చూసే బయటి కళ్లు ఇంటివాళ్లే ఏర్పాటు చేసుకోవాలి. ఏటా డాక్టరు, దంతవైద్యుడు, వారానికోసారి లైబ్రరీ, 4-హెచ్ క్లబ్బు. ఒహాయోలో 1902లో మొదలైన ఈ 4-హెచ్‌లో 8 నుంచి 18 ఏళ్ల పిల్లలు దూడనో మేకనో పెంచి, ఖర్చు పద్దు రాసి, కౌంటీ సంతలో తీర్పరుల ముందు నిలబడతారు. నలుగురిలో మెలగడం ఎలా అన్న ప్రశ్నకు పల్లెలో జవాబు ఎక్కువగా ఇదే. తీర్పరి అడిగినప్పుడు దూడ బరువు చెప్పలేకపోతే అమ్మ వచ్చి అందించదు.

ప్రమాదాల మాట. 1938 నాటి శ్రమ చట్టం సొంత తల్లిదండ్రుల పొలంలో పనిచేసే పిల్లల్ని వయసు ఆంక్షల నుంచి మినహాయించింది. అంటే చట్టం కాపలా లేదు, ఇంటి నియమమే కాపలా. ట్రాక్టరుకు బోల్తా రక్షణ కడ్డీ ఉండాలి, డ్రైవరు తప్ప ఇంకెవరూ దాని మీద, మడ్గార్డు మీద కూడా, కూర్చోకూడదు, పదహారు నిండనివాళ్లు నడపకూడదన్నది పిల్లల వైద్యుల మాట. వెనక తగిలించిన యంత్రాలను తిప్పే ఇరుసు, అంటే పీటీవో షాఫ్ట్, నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. హుడీ తాడు చిక్కితే "అమ్మా" అనే లోపు చేయి పోతుంది. కవచం విరిగితే ఆ రోజు పని ఆపాలి. మూడేళ్లలోపు పిల్లలున్న దొడ్లో సగం నీళ్లున్న 20 లీటర్ల బకెట్టు కూడా చెరువే. తలకిందులుగా పడిన బిడ్డ పైకి లేవలేదు, బకెట్టు ఒరగదు.

మిస్సోరీ చట్టం ఏడాదికి, అంటే జూలై 1 నుంచి జూన్ 30 లోపు, 1,000 గంటల చదువు అడుగుతుంది. అందులో 600 చదవడం, భాష, లెక్కలు, సాంఘికం, సైన్సుల్లో ఉండాలి. ఆ 600లో 400 ఇంట్లోనే జరగాలి. 36 వారాల బడి ఏడాది పెట్టుకుంటే 180 రోజులు, రోజుకు అయిదున్నర గంటల పైన పడుతుంది. గడ్డి కోత, టమాటాలు సీసాల్లో నిలవబెట్టే కాలంలో అది జరిగే పని కాదు. 48 వారాలకు పరిస్తే 240 రోజులు, రోజుకు నాలుగు గంటల పది నిమిషాలు, ముఖ్య విషయాలకు రెండున్నర గంటలు. పొద్దుటి మూడు గంటలు, మధ్యాహ్నం గంటంబావు చదువుతో ఇది సరిపోతుంది. తోట పని, వంట, కుట్టు మిగతా 400లోకి రాసుకోవచ్చు. గిన్నెలు తోమిన ప్రతి పూటనూ "గృహ విజ్ఞానం" అని రాసేవాళ్లూ ఉన్నారు, వాళ్ల పుస్తకం వాళ్లనే మోసం చేస్తుంది. టెక్సాస్‌లో ఇంటి బడిని ప్రైవేటు బడిగా లెక్కిస్తారు, ఎవరికీ చెప్పనక్కర్లేదు. పెన్సిల్వేనియాలో నోటరీ చేసిన అఫిడవిట్ లేదా సంతకం చేసిన ప్రకటన, 3, 5, 8 తరగతుల్లో పరీక్షలు, ఏడాది చివర మూల్యాంకనం తప్పవు. తక్కువ అడిగే రాష్ట్రంలో ఉన్నవాళ్లే ఎక్కువ రాసిపెట్టుకోవాలి. పద్నాలుగో ఏటి నుంచి ప్రతి సబ్జెక్టుకూ చదివిన పుస్తకాలు, గంటలు, మార్కులు రాయాలి. 120 గంటలు ఒక క్రెడిట్ అన్నది పాత కొలత. పదిహేడో ఏట కాలేజీకి దరఖాస్తు పెట్టేటప్పుడు నాలుగేళ్లు గుర్తుకు తెచ్చుకుని రాసిన పట్టిక చూడగానే తెలిసిపోతుంది. ఇంట్లో మంత్రసాని చేతిలో పుట్టిన పిల్లలకైతే జనన ధ్రువపత్రం, సోషల్ సెక్యూరిటీ నంబరు మొదటి ఏడాదే తీసుకోవాలి. అవి లేక పెద్దయ్యాక లైసెన్సుకూ ఉద్యోగానికీ తిరిగినవాళ్లున్నారు.

మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది, చేర్చని తల్లిదండ్రులకు శిక్ష మాత్రం రాయలేదు. ఇంట్లో చదివించేవాళ్లకు సాధారణంగా తెరిచి ఉండే తలుపు 1989లో మొదలైన జాతీయ ఓపెన్ స్కూల్: 14 నిండితే పదో తరగతి, 15 నిండితే ఇంటర్ స్థాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలూ ఉన్నాయి. ఇక్కడ పరీక్ష బయటివాళ్లు పెడతారు కాబట్టి గంటల పుస్తకం అవసరం తక్కువ, దిద్దని లెక్కలు బయటపడేది మాత్రం పరీక్ష హాల్లోనే.

నమూనా ఇంటిని నాలుగేళ్లు ముందుకు జరిపితే పంపకం మొత్తం మారుతుంది. పెద్దమ్మాయికి పద్దెనిమిది, ఇల్లు వదిలింది. మూడేళ్లవాడికి ఏడు, చంటిదానికి అయిదు దగ్గర పడింది, డైపర్లు పోయాయి. మిగిలిన 20 నిమిషాలకు ఇప్పుడు అంత గిరాకీ లేదు. కానీ బల్ల దగ్గర ఆల్జీబ్రా చేసేవాళ్లు ఒకరి బదులు ఇద్దరు, పదహారేళ్లవాడికి కెమిస్ట్రీ కావాలి, అది అమ్మకు రాదు. అమ్మ నిమిషాలు సరిపోక కాదు, అమ్మ చదువు సరిపోక ఇల్లు ఇబ్బంది పడే దశ ఇది. దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో రెండు కోర్సులు, రాత్రి భోజనం తర్వాత తండ్రితో 40 నిమిషాల లెక్కలు, పక్క కుటుంబంతో కలిపి వారానికోసారి ల్యాబ్, వీటి ఏర్పాటు పదహారో ఏట కాకుండా పద్నాలుగో ఏటే మొదలుపెట్టాలి. ఆవును ఎవరు పితుకుతారన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి, కాలేజీ క్లాసు పొద్దున ఎనిమిదికి ఉంటే.